జంపఖానా మీద విప్పిన జీపు

మా అత్తమ్మ పోయింది. నేను పదో తరగతికి విద్యుత్తు పాఠం చెబుతున్నాను. బోర్డు మీద సర్క్యూట్ సగం గీశాను, సుద్దముక్క చేతిలోనే ఉంది. తరగతిలో ఫోను ఎత్తకూడదని నాకో పంతం. నాలుగోసారి మోగేసరికి ఎత్తాను. మా ఆయన గొంతు. "అమ్మ పోయిందే. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టింది. నేను నీళ్లు తెచ్చేలోపట ఇంకేం లేదు" అన్నాడు.

కొత్తవాడలో మా ఇంటి దాకా ఆటోలో వచ్చాను. దారంతా నా బుర్రలో ఒకటే తిరుగుతోంది, చెబితే మీరు నవ్వుతారు. పోయిన ఆదివారం జీపులో బ్రేక్ ఆయిల్ చూడమంది. నేను చూడలేదు.

ఇదేదో ఏడుపు రాత అనుకునేరు, కాదు. ఆమెను తలుచుకుంటే నాకు ముందు హుషారు వస్తుంది, ఏడుపు ఆ తర్వాత. డెబ్బై దాటాక మా అత్తమ్మ ఇంటి వాకిట్లో ఒక పాత జీపును నట్టు నట్టు విప్పి, మళ్లీ నిలబెట్టి, అందులో కూర్చుని పాలకుర్తి గుట్ట ఎక్కింది! మా వీధిలో ఎవరినైనా అడగండి. అడిగినవాళ్లకు చాయ్ కూడా పోసి మరీ చెబుతారు.

అత్తమ్మ జంపఖానాలు నేసేది. పెళ్లిళ్లలో పంక్తి కింద పరిచే చారల జంపఖానాలు లేవూ, అవే. మామయ్యా ఆమే కలిసి నేసేవాళ్లు. నేసినవి ఊరూరా అంగళ్లకు తీసుకుపోవడానికి మామయ్య ఒక జీపు కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందే బండి. వానాకాలం వాగులు దాటి పోవాలంటే అలాంటిదే కావాలనేవాడట. అంగడి రోజున మూటలు వెనక, మూటల మీద అత్తమ్మ. ముందు సీటు మాత్రం దారిలో చెయ్యెత్తిన వాళ్లది. పటేలు, పంతులు, బాలింత, చంకలో గొర్రెపిల్లను పెట్టుకున్న ముసలాయన, ఎవరైనా సరే ముందు కూర్చునేవాళ్లు. ముప్పై ఏళ్లు తిరిగినా అత్తమ్మ ఒక్కసారి కూడా ముందు కూర్చోలేదు.

"ఒక్కసారన్న అడగలేదా అత్తమ్మా?" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"అడిగిన. పాలకుర్తి గుట్టకు పోయినప్పుడు ముందర కూసుందువులే అన్నడు. ఇగ పోతం అగ పోతం అనుకుంటనే ఆయననే పోయిండు" అంది, పప్పులో రాళ్లు ఏరుతూ.

మామయ్య పోయాక ఏడేళ్లు ఆ జీపు మా వాకిట్లోనే ఉంది. పైన టార్పాలిన్ పట్టా, లోపల ఎలుకల సంసారం. మా ఆయనకు దాన్ని చూస్తే ఒళ్లు మంట. వాకిలంతా అదే తినేసిందని రోజూ గొణుగుడు. ఒకరోజు తేల్చేశాడు. "శివరాత్రి దాంక చూస్త. ఆ తెల్లారి ఇనుప సామాన్లోన్ని పిలుస్త. మళ్ల నన్ను అనద్దు."

పొద్దున లేచి చూస్తే పట్టా తీసి ఉంది. అత్తమ్మ బానెట్ ఎత్తి, నడుము మీద చెయ్యి పెట్టుకుని లోపలికి చూస్తోంది.

"ఏం చేస్తానవ్ అత్తమ్మా?"

"సూస్తాన. మగ్గం గిట్లనే ఉంటది బిడ్డా. గుంజేదొకటి, తిప్పేదొకటి, ఒత్తేదొకటి. నువ్వు సైన్సు చెప్తవు గద, ఇండ్ల ఏది ఏందో జర చెప్పు."

నాకు చచ్చే సిగ్గేసింది. పదిహేనేళ్లుగా పిల్లలకు ఇంజిను బొమ్మ గీసి మార్కులు వేస్తున్నాను. నిజం ఇంజినులో రేడియేటరు తప్ప ఏదీ గుర్తుపట్టలేకపోయాను. ఆమె నవ్వు చూడాలి అప్పుడు! "ఫికర్ చెయ్యకు. చేతులు వెడ్తె అదే చెప్తది" అంది.

మామయ్య దోస్తు ఒక చాచా ఉన్నాడు. మెకానిక్ షెడ్డు కొడుకులకు అప్పగించి ఇంట్లో విసుగ్గా కూర్చున్న మనిషి. అత్తమ్మ కబురు పెడితే ఆ ఆదివారమే పానాల సంచితో దిగాడు. ఇంజిను చుట్టూ ఒక చుట్టు తిరిగి, "భాబీ, ఇంజిన్ సచ్చిపోలే, పండుకున్నది. కాని విప్పుడు మస్తుంటది. సామాన్లు ఏసెటందుకు డబ్బాలు తెప్పియ్యి" అన్నాడు.

అత్తమ్మ డబ్బాలు తెప్పించలేదు. లోపలికి పోయి తాను ఆఖరున నేసిన జంపఖానా తెచ్చి వాకిట్లో పరిచింది. అంత మంచిదాన్ని! నేను వద్దు వద్దంటున్నా వినలేదు. ఎర్ర చార మీద బ్రేకు సామాను. "ఎర్రలైటంటె ఆగుడే గద" అంది. నీలం చార మీద నీళ్లకు సంబంధించినవి. ఆకుపచ్చ మీద డీజిల్ పైపులు, పంపు. పసుపు మీద లైట్లు, వైర్లు. ఏ చారలోనైనా ముందు విప్పింది ఎడమ కొసన, తర్వాత విప్పింది దాని పక్కన. బిగించేటప్పుడు కుడి కొస నుంచి వెనక్కి రావాలి. అంతే లెక్క. ప్రతి నట్టునూ డీజిల్‌లో కడిగి, గుడ్డతో తుడిచి, దాని చోట దాన్ని కూర్చోబెట్టేది.

చాచా మొదట నవ్వాడు. నాలుగు ఆదివారాలు గడిచాక మాత్రం జంపఖానా ముందు గొంతుక్కూర్చుని, "నలభై ఏండ్లు డబ్బాలల్ల ఏసి ఎతుక్కుంట సచ్చిన భాబీ. ఈ అకల్ నాకెందుకు రాలే" అని నెత్తి కొట్టుకున్నాడు. ఆ రోజు అత్తమ్మ చాయ్‌లో చక్కెర ఒక చెంచా ఎక్కువే వేసింది.

జంపఖానా మీద ఎవరూ కాలు పెట్టకూడదు. మా ఆయన ఒకసారి తువ్వాలు భుజాన వేసుకుని తొందరలో దాటబోయాడు. "ఆగు! బ్రేకు తొక్కుతవురా!" అని అరిచింది. ఆయన ఒంటికాలి మీద ఆగిపోయాడు. ఆ తర్వాత గోడవారగా పిల్లిలా నడవడం నేర్చుకున్నాడు.

ఇక వైర్ల సంగతి. అది చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే తప్పు ఆమెదే అయినా సిగ్గుపడాల్సింది నేను.

ఎలుకలు వైర్లన్నీ కొరికేశాయి. ముక్కలు చేరిస్తే చాలు, కొత్తవి అక్కర్లేదన్నాడు చాచా. శివరాత్రికి ఇంకా మూడు వారాలున్నాయి. నేను బడికి పోయి వచ్చేలోపు అత్తమ్మ పసుపు చార ముందు కూర్చుని అన్నీ చేర్చేసింది. ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది, ఆకుపచ్చ మీద తెల్లగీత ఉన్నదానికి సరిగ్గా అదే. రంగుల్లో ఒక్క తప్పు లేదు. ముళ్లు చూస్తే గింజంత గింజంత, ముత్యాల్లా ఉన్నాయి. మగ్గం మీద పోగు తెగితే వేసే ముడి అది. బ్యాటరీ కలిపి స్విచ్చి వేశాను. ఏమీ వెలగలేదు. హారను కూయలేదు. ఒక ముడి దగ్గరగా చూశాను. వైరు మీద తొడుగు తీయలేదు! అన్నీ తొడుగుతోనే ముళ్లేసింది. ముప్పై ఎనిమిది ముళ్లు!

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "లోపలి రాగి రాగికి తాకితేనే కరెంటు పోతది అత్తమ్మా! ఇది దారం కాదు! చిన్న పిల్లలకు కూడ తెలుసు!" అని వీధి వినేట్టు అరిచాను. ఆమె చేతులు కడుక్కుని లోపలికి పోయింది. సాయంత్రం చాయ్ ఇస్తే పక్కన పెట్టింది. నా మాట నాకే తిరిగొచ్చి గుచ్చుకుంది. ఆమె బడి గడప తొక్కలేదు. చిన్న పిల్లలకు తెలిసింది ఆమెకెవరు చెప్పారు గనుక? ఇంట్లో ఉన్న సైన్సు టీచరు చెప్పిందా?

మర్నాడు పొద్దున్నే పోయి పక్కన కూర్చున్నాను. ముళ్లు విప్పబోతే ఒక్కటీ రాలేదు, గోళ్లు విరిగాయి. కాసేపు చూసి చూసి అత్తమ్మే నోరు తెరిచింది.

"గుంజకు. గుంజితే బిగుస్తది. గీ తోక వట్టుకొని ఎనుకకు నెట్టు. నెడ్తె ఒదుల్తది."

నెట్టాను. వచ్చేసింది! అంత గట్టి ముడి, నెట్టగానే మెత్తగా విచ్చుకుంది.

"అత్తమ్మా, నిన్న నేను..."

"నన్ను గుంజినవు, నేను బిగిసిన" అంది. కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. "ఇగ చెప్పు, పైతోలు ఎంత తియ్యాలె?"

ముప్పై ఎనిమిదీ విప్పాం. నేను తొడుగు ఒలవడం, ఆమె రాగిని మెలివేయడం, నేను టేపు చుట్టడం. అయ్యాక స్విచ్చి వేసి చూద్దును గదా, రెండు హెడ్‌లైట్లూ ఒక్కసారే భగ్గుమన్నాయి! ఎదురింటి గోడ తెల్లబడింది. అత్తమ్మ హారను మీద చెయ్యి పెట్టి తీయనే లేదు. వీధి వీధంతా వాకిట్లోకి వచ్చేసింది. పదిహేనేళ్ల నా నౌకరీలో ఏ పాఠానికీ నేను అంత గంతులేయలేదు.

బ్రేకులు మాత్రం ఎర్ర చారలోంచి ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. పైపుల్లో గాలి తీయడానికి నేను జీపు కింద దూరేదాన్ని, ఆమె పెడల్ మీద కాలు పెట్టేది. మోకాళ్ల నొప్పికి మెట్లెక్కలేదు గానీ తొక్కడం ఆమె కాలికి మగ్గం నేర్పిన విద్య. "తొక్కిన... పట్టిన... ఒదిలిన" అని తాళం తప్పకుండా చెబుతూ ఉండేది. మధ్యలో నేను తొందరపడి నట్టు సగం బిగిస్తే పైనుంచే పట్టేసేది. "ఒక్క పోగు వదులున్నా జంపఖానా అంత వంకర పోతది బిడ్డా. మళ్ల చూడు" అనేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో!

పాతది పాతగానే ఉంచుదామంటే ఒప్పుకోలేదు. నా చేతులు పొట్టివి, ఆ స్టీరింగ్ తిప్పడం నావల్ల కాదని చూసి, చాచా చేత పవర్ స్టీరింగ్ పెట్టించింది. ముందున్న బల్లసీటు తీయించి, తుక్కులో పడ్డ ఏదో కారు సీట్లు రెండు వేయించింది. బెల్టులతో సహా. "ముందరికి ఎనుకకు జరుపుకునెటట్టు ఉండాలె. ముప్పై ఏండ్లు మూటల మీద కూసున్న, ఇప్పుడు కాళ్లు సాపుకొని కూసుంట" అని తెగేసి చెప్పింది.

అంతా బిగించాక జంపఖానా ఖాళీ అయింది. ఖాళీ అంటే, ఒక్క బోల్టు తప్ప. ఏ చార మీదా లేదు, అంచున కుచ్చుల్లో పడి ఉంది. చాచా తిప్పి తిప్పి చూశాడు, ఎక్కడిదో తేలలేదు. బ్రేకులు రెండుసార్లు, స్టీరింగ్ మూడుసార్లు చూసుకున్నాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అత్తమ్మ ఆ బోల్టును ఎర్రదారంతో అద్దానికి వేలాడదీసింది. "ఉండనియ్. దాని జాగ ఏడనో అదే చెప్తది" అంది.

తాళం తిప్పాను. ఇంజిను రెండుసార్లు దగ్గింది, మూడోసారి నల్లపొగ వదిలి అందుకుంది! వాకిట్లో అందరికంటే ఎక్కువ అరిచింది ఎవరనుకున్నారు? ఇనుప సామాన్లోణ్ని పిలుస్తానన్న పెద్దమనిషే.

శివరాత్రికి వారం ముందు ఆదివారం బయలుదేరాం. నేను స్టీరింగ్ దగ్గర, పక్కన అత్తమ్మ. నిండైన మనిషి, కూర్చోగానే సీటు కిర్రుమని కుదురుకుంది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. వెనక మా ఆయన. దారిలో కనబడ్డ ప్రతి మనిషికీ చెయ్యి ఊపింది, తెలిసినా తెలియకపోయినా.

గుట్ట మీది గుడికి పోయే రోడ్డు బాగుచేస్తున్నారు. రెండో మలుపులో కంకర పోసి వదిలేశారు. ఎక్కుతూ ఎక్కుతూ వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. బండి నిలబడిపోయింది, తర్వాత మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. ప్రాణాలు పాదంలో పెట్టుకుని బ్రేకు తొక్కాను. పట్టింది! మేము గాలి తీసిన బ్రేకు, ఎర్ర చార బ్రేకు, కదలకుండా పట్టింది! మా ఆయన వెనక నుంచి, "దిగుదాం, నడిచి పోదాం" అని మొదలుపెట్టాడు.

"నడిసేటోనివి నువ్వు నడువు. నేను దిగ" అంది అత్తమ్మ. నా వైపు తిరిగి, "క్లచ్ తొక్కు బిడ్డా" అంది.

సీట్ల మధ్య రెండు రాడ్లుంటాయి. పెద్దది మామూలు గేర్లకు. పొట్టిది లాగితే ముందు చక్రాలకు కూడా బలం వస్తుంది. ఆ పొట్టిది తనదని ముందే చెప్పి పెట్టుకుంది. రెండు చేతులతో పట్టి, పళ్లు బిగించి లాగింది. కింద ఎక్కడో టక్కుమని పడింది. "ఇగ పోనీ! నాలుగు కాళ్ల మీద ఎక్కనీ!"

ఎక్కింది! కంకర వెనక్కి ఎగురుతోంది, ఇంజిను అరుస్తోంది, దానికంటే గట్టిగా నేను అరుస్తున్నాను, నాకంటే గట్టిగా ఆమె. ఆ మలుపు, పై మలుపు, ఆ తర్వాత గుడి ముందు చదును. ఇంజిను ఆపేశాక చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడలేదు.

అత్తమ్మ వెంటనే దిగలేదు. కళ్లద్దాలు తీసి, ముందు అద్దంలోంచి కిందికి చూసింది. పొలాలు, చెరువులు, ఎప్పుడో మూటల మీద కూర్చుని పోయిన ఊళ్ల దారులు. "ఇగో, సూస్తానవా? ముందర్నే కూసున్న" అంది. నాతో కాదు. నాకు కన్నీళ్లు ఆగలేదు, ఆమెకూ ఆగలేదు. వెనక నుంచి మా ఆయన, "నేను ముందే అన్న గద, ఎక్కుతదని" అన్నాడు. అబద్ధాలకోరు!

ఆ తర్వాత రెండేళ్లు ప్రతి ఆదివారం మాకు పండగే. వారానికోసారి తిప్పకపోతే బండి మొరాయిస్తుందనేది. వర్ధన్నపేట దాకా ఒకసారి, చింతపండుకని ఒకసారి, ఏమీ లేకపోతే ఉత్తపుణ్యానికి ఒకసారి. ఆమె లేకుండా జీపు ఒక్కనాడూ గేటు దాటలేదు. డీజిల్ పోయించుకొస్తా, ఐదు నిమిషాల్లో వస్తా అన్నా చెప్పులేసుకుని నాకంటే ముందు ఎక్కి కూర్చునేది.

దినాలు అయిపోయిన తర్వాతి ఆదివారం, వచ్చిన చుట్టాలంతా వెళ్లిపోయారు. ఎవరో మంచి మనసుతో ఆమె జంపఖానా ఉతుకుతామన్నారు. మీద ప్రతి నట్టుకూ ఒక నూనె మరక ఉంది, వరుస తప్పకుండా. నేను ముట్టుకోనివ్వలేదు. మడిచి జీపు వెనక వేసి, బ్రేక్ ఆయిల్ చూశాను. నిండుగా ఉంది. తాళం తిప్పాను. మా ఆయన గేటు తీసి నిలబడ్డాడే గానీ ఎక్కలేదు.

హన్మకొండ దాకా తిప్పి వద్దామనుకున్నాను గానీ, అటు తిరగాల్సిన చోట చెయ్యి దానంతట అదే పాలకుర్తి దారి పట్టింది. కాసేపటికి ఒక చప్పుడు మొదలైంది. టక్... టక్... గతుకు వచ్చినప్పుడల్లా. రెండేళ్లలో ఎప్పుడూ వినని చప్పుడు. చక్రమేమో అనుకున్నాను, కమాను పట్టీ ఏమో అనుకున్నాను, బండి ఆపి రెండుసార్లు కిందికి వంగి చూశాను. ఏమీ లేదు. కదిలితే మళ్లీ అదే. ఇంటి మనిషి పోయిన ఏడాది గుట్ట ఎక్కకూడదు మాకు. అందుకని గుట్ట కిందే ఆపేశాను. ఊరికే పక్క సీటు మీద చెయ్యి పెట్టాను. ఊగింది.

కింద టార్చి వేసి చూశాను. సీటుకు నాలుగు చోట్ల బోల్టులుండాలి. మూడే ఉన్నాయి. నాలుగో చోట ఖాళీ కన్నం.

అర్థమయ్యేసరికి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మేము ఎర్ర చార వెతికాం, నీలం చార వెతికాం, అది బయటి కారు సీటుతో వచ్చిన బోల్టు. ఏ చార మీదా ఎందుకుంటుంది? మరి రెండేళ్లు చప్పుడు ఎందుకు రాలేదంటే, ఆ సీటు ఎన్నడూ ఖాళీగా లేదు. ఆమె బరువే దాన్ని పట్టి ఉంచింది. బోల్టు తన జాగా చెప్పింది, చెప్పడానికి ఆమె లేచిపోవలసి వచ్చింది.

ఏడ్చాను. దాచుకోవడానికేముంది, గొంతు పోయేదాకా ఏడ్చాను. తర్వాత అద్దానికున్న ఎర్రదారం ముడి పట్టుకున్నాను. గుంజలేదు. తోక పట్టి వెనక్కి నెట్టాను, వదిలింది. బోల్టు కన్నంలో పెట్టి పానాతో బిగించాను. సరిగ్గా సరిపోయింది. అత్తమ్మ చూసి ఉంటే అవునన్నట్టు తల ఊపేది.

బండి తిప్పాను. చప్పుడు లేదు. సీటు కదలడం లేదు. మైలు దూరం వచ్చాను, రెండు మైళ్లు వచ్చాను. ఆ నిశ్శబ్దం నావల్ల కాలేదు. రోడ్డు పక్కన ఆపి, పానా తీసి, ఆ బోల్టును రెండు చుట్లు వదులు చేశాను. వదులు పోగు గురించి నాకు తెలుసు అత్తమ్మా, తిట్టకు, ఈ ఒక్కరోజుకే. గేరు వేశాను. మొదటి గతుకుకే పక్క సీటు టక్కుమంది. మళ్లీ టక్కుమంది. కొత్తవాడ దాకా మాట్లాడుతూనే వచ్చింది.